ఫీజు ఒకటే, సారు వేరా?

పదవ తరగతి పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయనగా ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి సలాం చెప్పింది, లోపలికి రమ్మంటే రాలేదు. భర్త ఆటో నడుపుతాడు. ఆమె ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. కొడుకు మేము ఉర్దూ చెప్పే ప్రైవేటు పాఠశాలలోనే చదువుతున్నాడు. ఆ పాఠశాల మనవాళ్లే మన పిల్లల కోసమని పెట్టినది. దాని పేరు ఇక్కడ అనవసరం. అటువంటివి మన రాయలసీమలో ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి.

"మౌల్వీ సాబ్, మా వాణ్ణి సి సెక్షనులో వేసినారంట. ఆ సెక్షనుకు లెక్కల పెద్దసారు రాడంట. ఫీజు అందరి దగ్గరా ఒకటే తీసుకుంటిరి కదా, సారును మాత్రం ఎందుకు వేరే చేస్తిరి?"

కరెస్పాండెంటు గారితో మాట్లాడతామమ్మా అని చెప్పి పంపించాం. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

పాఠశాల లెక్క ఏమిటో మాకు బాగా తెలుసు. ఏ సెక్షనులో ఉన్న పిల్లల మీద శ్రమపడితే వారిలో కొందరికి ఆరువందలకు ఐదువందల యాభై దాటి మార్కులు వస్తాయి. వారి ఫోటోలు ఫ్లెక్సీ మీదికి ఎక్కుతాయి. ఫ్లెక్సీ చూసి జూన్‌లో అడ్మిషన్లు వస్తాయి. అడ్మిషన్లు వస్తేనే మా జీతాలు. సి సెక్షను పిల్లవాడి మీద అంతే శ్రమపడితే వాడు ముప్పై అయిదు తెచ్చుకుని పాసవుతాడు. ముప్పై అయిదు మార్కుల ఫోటోను ఎవరూ ఫ్లెక్సీ వేయరు. కాబట్టి మంచి సారు ఏ సెక్షనుకు, నిన్నగాక మొన్న చేరిన సారు సి సెక్షనుకు. దీన్ని చెడ్డ మనుషులు చేసిన పని అని మేము అనటం లేదు. ఈ లెక్క వేసినవారు అయిదు పూటలా నమాజు చేసేవారే. అందుకే ఈ విషయం గురించి రాయవలసి వస్తోంది.

మన సభల్లో విద్య గురించి మాట్లాడేటప్పుడు ప్రతి వక్తా ఒక ప్రవచనంతోనే మొదలుపెడతాడు. విద్యార్జన ప్రతి విశ్వాసి మీదా విధి అనే ఆ ప్రవచనం మన ఇళ్లలో పసిపిల్లలకు కూడా వచ్చు. అయితే వక్తలు విద్య అనే మాటను నొక్కి పలుకుతారే గాని, ప్రతి అనే మాటను నొక్కి పలకగా మేము వినలేదు. బరువంతా ఆ మాటలోనే ఉంది. కొందరి మీద విధి అయి ఉంటే మన పాఠశాలల లెక్క సరిపోయేది.

దివ్యఖుర్ఆన్‌లో 80వ సూరా అవతరించిన సందర్భం మన పాఠకులకు తెలియనిది కాదు. అయినా ఒక ఉపాధ్యాయుని కంటితో దాన్ని మరోసారి చూడమని కోరుతున్నాం. మక్కాలో దైవప్రవక్త (స) ఖురైషు పెద్దలతో మాట్లాడుతూ ఉన్నారు. వారు మనసు మార్చుకుంటే వారి వెనుక ఉన్న వందలాది మంది మారతారు. పేదవిశ్వాసులపై హింస తగ్గుతుంది. ఆ సమయంలో అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అనే అంధుడు వచ్చి తనకు నేర్పమని అడిగారు. మాట మధ్యలో అడిగారు. మళ్లీ మళ్లీ అడిగారు. దైవప్రవక్త (స) నొసలు ముడుచుకుని ముఖం తిప్పుకున్నారు. అంతే జరిగింది. దానికే ఆకాశం నుండి హెచ్చరిక దిగింది.

ఆ పెద్దలకు సమయం ఇవ్వడం వెనుక స్వార్థం ఏ కోశానా లేదు. అది మంచి కోసం వేసిన లెక్కే. పైగా నొసలు ముడుచుకున్న సంగతి ఆ అంధుడికి కనిపించను కూడా కనిపించదు. అయినప్పటికీ ఆ లెక్క తప్పని అల్లాహ్ తెలియజేశాడు. నేర్చుకోవాలని నడిచి వచ్చినవాడు ఎదురుగా ఉండగా, నేర్చుకుంటే ఎక్కువ లాభం తెచ్చిపెట్టే వాని వైపు తిరగరాదని చెప్పాడు. ఉపాధ్యాయుని దగ్గర ఉన్న ఆస్తి ఏమిటి? బంగళాలా, భూములా? అతని చూపే అతని ఆస్తి. తరగతి గదిలో ఆ చూపును ఎవరికి ఎంత పంచుతున్నాడు అనేదే అతని న్యాయం. తర్వాత కాలంలో దైవప్రవక్త (స) ఆ అంధ సహచరుణ్ణి ఎంతో ఆదరించారు. హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు అజాన్ పలికే బాధ్యత ఆయనకు ఇచ్చారు. తాము ఊళ్లో లేనప్పుడు పలుమార్లు మదీనాను ఆయనకే అప్పగించి వెళ్లారు. వెనుక బెంచీవాడు అని మనం అనుకునేవాడు ఎంతవరకు వెళ్లగలడో చూడండి.

బద్ర్ యుద్ధ ఖైదీల సంగతి కూడా చరిత్రకారులు రాశారు. డబ్బు చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చినవారికి ఒక్కొక్కరికి మదీనా పిల్లలను పదిమందిని అప్పగించి, వారికి రాత నేర్పితే విడుదల అన్నారు. శత్రువు దగ్గర చదువుకోవచ్చునని చెప్పడానికే ఈ సంఘటనను మనవాళ్లు వాడతారు. నిజమే. కాని ఆ ఖైదీకి పెట్టిన షరతు కూడా చూడాలి. పదిమందికీ రావాలి. ఇద్దరికి బాగా వచ్చి ఎనిమిది మందికి రాకపోతే షరతు తీరినట్లు కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. మా సహోపాధ్యాయుడొకాయన, లెక్కలు చక్కగా చెప్పేవాడు, ఇలా అన్నాడు: "సాబ్, మీరు చెప్పేది వినడానికి బాగుంది. కాని అల్లాహ్ తెలివిచ్చిన పిల్లవాణ్ణి సి సెక్షను కోసం ఆపితే అది మాత్రం అన్యాయం కాదా? మన వాళ్లలో డాక్టర్లు ఎంతమంది, ఇంజనీర్లు ఎంతమంది, కలెక్టర్లు ఎంతమంది? ఆ కొద్దిమందిని తయారుచేసేది ఏ సెక్షనే కదా?"

ఈ మాటలో సత్యం ఉంది. తొమ్మిది వందల ఏళ్ల క్రితమే ఇమామ్ గజాలీ (రహ్) ఇటువంటి బాధే పడ్డారు. 1111లో మరణించిన ఆ మహనీయుడు తన 'ఇహ్యా' గ్రంథంలో విద్యలను రెండుగా విభజించారు. ఒకటి ఫర్జె ఐన్, అంటే ప్రతి ఒక్కరూ స్వయంగా నేర్చుకోవలసినది. రెండవది ఫర్జె కిఫాయా. జనాజా నమాజు వంటిదన్నమాట. ఊళ్లో కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చేయకపోతే అందరూ దోషులవుతారు. వైద్యం, గణితం ఈ రెండవ కోవలోకి వస్తాయని ఆయన స్పష్టంగా రాశారు. ఎన్నో పట్టణాల్లో ముస్లిం వైద్యుడే లేకపోయినా జనం ఆ విద్య వైపు పోరు, ఫిఖ్హ్ శాస్త్రం మీద మాత్రం ఎగబడతారు అని ఆయన మొత్తుకున్నారు. కారణం కూడా ఆయనే చెప్పారు. ఫిఖ్హ్ చదివితే వక్ఫుల మీద పెత్తనం, ఖాజీ పదవి, అనాథల ఆస్తుల అజమాయిషీ చేతికి వచ్చేవి. ధర్మం పేరుతో చదివిన చదువు కూడా ఆ రోజుల్లో ఉద్యోగపు చదువే అయింది. ఈ రోజు ఆ స్థానంలో నీట్ ఉంది. ఎగబడే దిక్కు మారింది గాని ఎగబడడం మారలేదు.

కాబట్టి మా మిత్రుడు అన్నది ఫర్జె కిఫాయా సంగతి. డాక్టర్లు కావాలి, కలెక్టర్లు కావాలి, కాదనేవారెవరు? కాని ఇమామ్ గారి విభజనలో వరుస ఉంది. ప్రతి ఒక్కరి మీదా ఉన్న విధి ముందు, కొందరు తీర్చవలసిన విధి తర్వాత. ఇమామ్ గారి కాలంలో ఫర్జె ఐన్ అంటే విశ్వాసానికి, ఆచరణకు సంబంధించిన కనీస జ్ఞానం. చదవడం, రాయడం, లెక్క కట్టడం ఈ కాలంలో దాని పక్కన నిలబడతాయని మా అభిప్రాయం. ఉలమాలు అంగీకరించకపోతే సరిదిద్దుదురు గాక. రేషను కార్డు, ఆధార్, బ్యాంకు పత్రం, అద్దె ఒప్పందం, మందు చీటీ చదవలేని మనిషి ఈ రోజు తన హలాల్ సంపాదనను కూడా కాపాడుకోలేడు. 2024 అసర్ సర్వే ప్రకారం మన దేశపు గ్రామాల్లో ఐదవ తరగతి పిల్లలలో సుమారు సగం మందే రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగారు. మిగిలిన సగం మంది ఫర్జె ఐన్ బాకీ ఉండగానే మనం ఫ్లెక్సీలు కట్టుకుంటున్నాం.

ఇతరుల తప్పులు చెప్పి ఊరుకోవడం సులభం. మా తప్పు కూడా చెప్పాలి.

ఇరవై అయిదేళ్ల క్రితం మాట. మా తరగతిలో చివరి బెంచీలో ఒక అబ్బాయి ఉండేవాడు. పాఠం ఒక్కొక్కరి చేత చదివించేటప్పుడు వాడి వంతు వస్తే, వాడు కూడబలుక్కుని చదివేసరికి పీరియడు అయిపోతుందని, "నువ్వు కూర్చోరా" అని పక్కవాణ్ణి లేపేవాళ్లం. కోపంతో కాదు. కొట్టిన రోజులూ ఉన్నాయి, అది వేరే సంగతి. దెబ్బలతో పెరిగిన పిల్లవాడు అబద్ధానికి అలవాటుపడతాడని ఇబ్నె ఖల్దూన్ పద్నాలుగో శతాబ్దంలోనే రాశారు, మేము దాన్ని మదరసాలో చదివి కూడా కొట్టాం. కాని దెబ్బ కంటే ఆ "కూర్చోరా" అనే మాటే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది. దెబ్బ తిన్నవాడు ఉపాధ్యాయుని కంటికి కనీసం కనపడ్డాడు.

ఆ అబ్బాయి ఎనిమిదిలో మానేశాడు. రెండేళ్ల క్రితం మా స్కూటరు దారిలో ఆగిపోతే ఒక మెకానిక్ షెడ్డుకు తోసుకుపోయాం. షెడ్డు అతనిదే. గుర్తుపట్టి, కుర్చీ తుడిచి వేసి, చాయ్ తెప్పించాడు. బండి బాగుచేసి డబ్బు ఎంత చెప్పినా తీసుకోలేదు. బయలుదేరబోతుంటే ఒక కాగితం తెచ్చాడు. "సార్, బ్యాటరీ గ్యారంటీ కాగితం. ఎన్నాళ్లుందో చెప్పండి సార్, గిరాకీ వచ్చి అడుగుతున్నాడు" అన్నాడు. తెలుగులో ఉన్న నాలుగు పంక్తులు. అతని ముఖంలో నిష్ఠూరం లేదు. మాకే కాగితం మీద అక్షరాలు కాసేపు కనపడలేదు.

మదరసాల్లో ఈ జబ్బు లేదనుకోకండి. మేము అక్కడే చదువుకున్నాం, ఆ ఉప్పు తిన్నాం కాబట్టి చెప్పే హక్కు ఉంది. హిఫ్జ్ తరగతిలో జ్ఞాపకశక్తి గల పిల్లవాడు జల్సాలో తలపాగా కట్టించుకుంటాడు, వాడి తండ్రి మెడలో పూలదండ పడుతుంది. రెండేళ్లు గడిచినా అయిదు పారాలు దాటనివాణ్ణి ఒక రోజు ట్రంకుపెట్టెతో సహా బస్సు ఎక్కిస్తారు. వాడు అటు హాఫిజ్ కాలేదు, ఇటు బడి వయసు దాటిపోయింది. జల్సాలో వాడి లెక్క ఎవరూ చెప్పరు.

లౌకిక విద్య ఉద్యోగం కోసం, మదరసా విద్య ధర్మం కోసం అని మనం తేలికగా గీత గీస్తాం. చరిత్ర అంత తేలికగా లేదు. ఈ నాటికీ మదరసాల్లో నడుస్తున్న దర్సె నిజామీ పాఠ్యక్రమం లక్నోలోని ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ గారి పేరు మీద వచ్చింది. ఆయన 1748లో పరమపదించారు. అందులో తర్కం, తత్త్వం వంటి బుద్ధిశాస్త్రాలకు పెద్ద పీట వేశారు. ఆ చదువు చదివినవారు నవాబుల కచేరీల్లో, న్యాయస్థానాల్లో ఉద్యోగాలు చేశారు. 1837లో కంపెనీ ప్రభుత్వం ఫారసీని కచేరీ భాషగా తొలగించాక ఆ తలుపు మూసుకుపోయింది. 1866లో దేవ్‌బంద్ మదరసా వచ్చేనాటికి విద్య లక్ష్యం ధర్మాన్ని కాపాడుకోవడం అయింది. 1875లో అలీగఢ్‌లో సర్ సయ్యద్ పాఠశాల పెట్టినప్పుడు లక్ష్యం కొత్త పాలకుల కొలువులో చోటు సంపాదించడం అయింది. కాలాన్ని బట్టి లక్ష్యాలు మారాయి, మారుతాయి. ఉద్యోగం కోసం చదవడం పాపం కాదు. కాని లక్ష్యం ఏదైనా, ఆ లక్ష్యానికి పనికిరాడని తేల్చిన పిల్లవాణ్ణి ఏం చేశాం అన్నది ఆ సంస్థ న్యాయానికి పరీక్ష.

మదరసాల గురించి పత్రికల్లో జరిగే రభస చూస్తే మన పిల్లలంతా అక్కడే ఉన్నారని లోకం అనుకుంటుంది. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే, బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాలకు పోయేది నూటికి నలుగురే. అదే నివేదిక, ఆరు నుండి పద్నాలుగేళ్ల మన పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడలేదు లేదా మధ్యలో మానేశారు అని చెప్పింది. నలుగురి గురించి ఇరవై ఏళ్లుగా వాదించుకుంటున్నాం. ఇరవై అయిదుగురి గురించి ఎవరూ నోరెత్తరు.

ఇక చట్టం దగ్గరకు వద్దాం. ఇది చెబితే మన పెద్దల్లో కొందరికి కోపం వస్తుందని తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ప్రైవేటు పాఠశాలలు ఒకటవ తరగతి సీట్లలో నాలుగో వంతు బీద, వెనుకబడిన పిల్లలకు ఇవ్వాలని, వారి ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని అందులో ఒక నిబంధన ఉంది. 2012లో చట్ట సవరణ ద్వారా మదరసాలను ఆ చట్టం నుండి తప్పించారు. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, రాజ్యాంగం 30వ అధికరణ ప్రకారం అల్పసంఖ్యాకుల పాఠశాలలన్నిటికీ ఆ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. మన సంస్థల్లో ఎన్నో చోట్ల మిఠాయిలు పంచారు. 2025 సెప్టెంబరులో అదే కోర్టులోని ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనం పరిశీలించాలేమోనని ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు. మళ్లీ మన పెద్దల్లో కలవరం మొదలైంది.

30వ అధికరణను మేము ప్రాణప్రదంగా భావిస్తాం. అది లేకపోతే మేము చదివిన మదరసా ఉండదు, మేము ఉర్దూ చెప్పే తరగతి ఉండదు. దానిలో ఒక్క అక్షరం కూడా పోరాదు. కాని ఆ హక్కు సంస్థ కోసమా, సమాజపు పిల్లల కోసమా? బీద పిల్లవాణ్ణి చేర్చుకోనవసరం లేని స్వేచ్ఛను మనం కోర్టులో సంపాదించుకున్నాం. మరి ఆ స్వేచ్ఛతో ఏం చేశాం? 2021లో జాతీయ బాలల హక్కుల కమిషను అల్పసంఖ్యాకుల పాఠశాలలన్నిటినీ, అన్ని మతాలవారివీ కలిపి చూసి, వాటిలో బీద, వెనుకబడిన వర్గాల పిల్లలు పదిమందిలో ఒకరైనా లేరని చెప్పింది. ఆ కమిషను ఉద్దేశాల మీద ఎవరికైనా అనుమానాలు ఉంటే ఉండవచ్చు. అలాంటివారు తమ ఊరి పాఠశాల రిజిస్టరు తెరిచి తామే లెక్కపెట్టుకోవచ్చు. ఆటో డ్రైవర్ల పిల్లలు ఎందరు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు ఎందరు, పండ్ల బండి తోసేవారి పిల్లలు ఎందరు. అందులో ఆడపిల్లలు ఎందరు.

చట్టం అడగకపోయినా షరీఅత్ అడుగుతుంది. రమజాన్ వచ్చిందంటే ఇవే సంస్థల రసీదు పుస్తకాలు బజారుకు వస్తాయి. కరపత్రం మీద చిరిగిన చొక్కా పిల్లవాడి బొమ్మ ఉంటుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము పేదవాని చేతికి అందితేనే జకాత్ తీరుతుంది, గోడలకు, గేట్లకు అది చెల్లదు. ఇది మదరసాలో చదివిన ప్రతి వాడికీ తెలిసిన మసలా. మరి కరపత్రం మీద ఉన్న పిల్లవాడు పాఠశాల లోపల ఏ బెంచీ మీద కూర్చున్నాడు? కూర్చుంటే, వాడికి ఏ సారు చెబుతున్నాడు?

ఇది కమిటీ పెద్దలను అవమానించడానికి కాదు. జీతాలు ఇవ్వలేక సొంత స్థలం తాకట్టు పెట్టిన కరెస్పాండెంట్లను కూడా మేము చూశాం. ఫ్లెక్సీ లేకపోతే పిల్లలు రారు, పిల్లలు రాకపోతే బడే ఉండదు అన్నది వారి భయం. ఆ భయం అబద్ధం కాదు. అయితే ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే అనుభవం గల సారుకు వారంలో రెండు పీరియడ్లు సి సెక్షనులో వేస్తే ఏ సెక్షను మునిగిపోదు. వార్షికోత్సవంలో ర్యాంకులు చదివే మైకులోనే, ఆరవ తరగతిలో చేరినవారిలో పదవ తరగతి దాకా నిలిచినవారు ఎందరో కూడా చదవవచ్చు. మస్జిద్ కమిటీ వారు శుక్రవారం చందా పెట్టె లెక్క చెప్పినట్టే, తమ మహల్లాలో బడి మానేసిన పిల్లల లెక్క కూడా అడగవచ్చు. తల్లిదండ్రులు కూడా నా పిల్లవాడికి ఎన్ని మార్కులు అని మాత్రమే అడగకుండా, ఆ తల్లి అడిగినట్టు, సారు అందరికీ ఒకటేనా అని అడగాలి. ఏ సెక్షను పిల్లవాడి తల్లి అడిగితే ఇంకా బాగుంటుంది.

ఆ తల్లికి చెప్పిన ప్రకారం కరెస్పాండెంటు గారితో మాట్లాడాం. ఆయన ఓపికగా విన్నారు. "ఈ ఏడాది టైంటేబులు అయిపోయింది మౌల్వీ సాబ్, వచ్చే ఏడు చూద్దాం, ఇన్షా అల్లాహ్" అన్నారు. మేము లెక్కల మాస్టరుం కాదు. అందుకని పైన చెప్పిన మా మిత్రుణ్ణే బతిమాలుకున్నాం. ఆయన వాదనలో మమ్మల్ని ఒప్పుకోలేదు గాని, రావడానికి ఒప్పుకున్నాడు. ఫజ్ర్ నమాజు తర్వాత మస్జిద్ వరండాలో ఆదివారం ఒక గంట కూర్చుంటున్నాం. ఆయన లెక్కలు చెబుతాడు, మేము చదివించడం చూసుకుంటాం. మొదటి వారం ఆ తల్లి కొడుకు ఒక్కడే వచ్చాడు. మొన్న ఏడుగురు వచ్చారు. వారిలో ఇద్దరు మా పాఠశాల పిల్లలు కారు, ఒకడి చేతులకు గ్రీజు ఉంది. చాప ఒక్కటే ఉండడం వల్ల మిగతావారు నేల మీద కూర్చున్నారు. చదివేటప్పుడు ఎవరి వంతూ దాటవేయకూడదని మాలో మేము అనుకున్నాం. నాలుగో పిల్లవాడి దగ్గరకు వచ్చేసరికే గంట అయిపోయింది.